కింది కీలు

గురమ్మ సంచి సర్దుతోంది. దుప్పటి, దువ్వెన, కొబ్బరినూనె సీసా, అటుకుల మూట.

మంచం మీద ఆమె మొగుడు నరసింగరావు ఎడమకాలు దిండెక్కించి పడుకున్నాడు. శ్రీకాకుళంలో గురమ్మ మేనమామ కుట్టు దుకాణం పెట్టాడు. మిషను తొక్కడానికి నమ్మకమైన మనిషి కావాలి, పని నేర్పి జీతమిస్తాను, గురువారానికి రాకపోతే బయటివాళ్ళని పెట్టుకుంటాను అని కబురంపాడు. ఇంట్లో బియ్యం అడుగంటాయి. కబురందిన పూటే నరసింగరావు కాలు బెణికింది. నడుస్తుంటే కాదు, కూర్చున్న చోటే.

హైస్కూలు చదువులో అతనికి మిగిలింది పాదం బొమ్మ ఉన్న ఒక్క పేజీ. అది ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

"సీలమండ కీలు పట్టకారు నాంటిదే. కాలి ఎముకలు రెండూ కలిసి పాదం ఎముకని పట్టుకుంటాయి. అది పైకీ కిందకీ ఆడతాది. దాని కింద, మడమ ఎముక మీద ఇంకో కీలుంది. పాదాన్ని పక్కలకి ఒంచేది అది. నాకు పోయింది ఆ కింది కీలు."

కింది కీలు బయటికి కనబడదు. అందుకే కాబోలు, వాపూ కనబడలేదు.

గురమ్మ సర్దడం ఆపింది. "మిషను తొక్కడానికి పైకీ కిందకీ ఆడితే సాలదేటి మావా?"

"సాల్తాది."

"అయితే పై కీలుతోనే గదా పని?"

నరసింగరావు కాసేపు ఆలోచించాడు. తర్వాత మూలిగాడు. "అబ్బా! నొప్పి పైకెక్కీసిందే!"

తల్లి జగ్గమ్మ పరిగెత్తుకొచ్చి చింతపండు, ఉప్పు కలిపి పట్టు వేసింది. కంగారులో కుడికాలికి వేసింది. కొడుకు అభ్యంతరం చెప్పలేదు.

రంగూను ఓడెక్కిన మొగుడు మళ్ళీ కనబడకపోవడంతో, ఎవరు గడప దాటినా జగ్గమ్మకి గుండె దడే. కొడుకు బెణుకు ఆమెకి వరం.

"నువ్వెల్లకు నాయినా. కానీ ఇంత మంచి ఘడియ మళ్ళీ రాదు. సంచి ప్రస్థానం పెట్టీద్దాం."

అంటే, మనిషికి బదులు అతని సంచి ఘడియ దాటకుండా గడప దాటుతుంది. ఇంకొకరింట్లో ఉంటుంది. మనిషి తర్వాత తీరిగ్గా అక్కణ్ణించే బయల్దేరతాడు. బస్సు ఆగే చోట, తెలిసిన తవిటమ్మ ఇల్లు ఉండనే ఉంది. సంచి అక్కడ పెట్టి రావడం గురమ్మ వంతు.

నరసింగరావు సంచిలోకి తొంగి చూశాడు. "కత్తెరెందుకే?"

"కట్టుగుడ్డ కత్తిరించొద్దేటి మావా?"

ఇంత ముందుచూపున్న పెళ్ళాం ఎవరికుంటుందని అతను మురిసిపోయాడు.

"కుడికాలు ముందెట్టు," అంది జగ్గమ్మ. "ప్రస్థానం పెట్టిన సంచి మళ్ళీ ఎనక్కి తేకూడదు. సూసుకో!"

"తేనత్తా," అంది గురమ్మ. సంచి భుజానికి తగిలించుకుంది. గడప మీద కుడిపాదం మోపి, మడమ ఒకసారి పైకీ కిందకీ ఆడించి, దాటింది.

కాసేపటికి కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే బస్సు ఆగిన చప్పుడు, మళ్ళీ కదిలిన చప్పుడు వినబడ్డాయి. వెంటనే నరసింగరావుకి రెండు కీళ్ళూ కుదుటపడ్డాయి. దండెం మీంచి తన ఉతికిన పంచె తీసి కట్టుకుని, పేకాటకి చకచకా నడిచాడు.

"ఈసారి ఈ ఇంట్లోంచి ఎవులూ పోనేదు," అని జగ్గమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

1968 జూన్‌లో, ఆ గురువారం నాడు వెళ్ళిన గురమ్మ మరి తిరిగి రాలేదు.