నమిలేస్తోందట

అడవి బడిలో ఎలుకలకు చోటిచ్చింది ఈ ఏడాదే. పుస్తకం కొరికితే పేరు కొట్టేస్తామని ముందే చెప్పారు.

"వదినా, మీ బుజ్జి లైబ్రరీలో పుస్తకాలు నమిలేస్తోందట. మాస్టారే అన్నారు," అంది పిచ్చుక.

తల్లి ఎలుక పరుగున వెళ్లి తాబేలు మాస్టారి ముందు చేతులు జోడించింది.

"పసిది మాస్టారూ. పళ్లు దురదపెట్టి కొరికుంటుంది. బడిలోంచి తీసెయ్యకండి."

"కొరకడమేంటమ్మా? నమిలేస్తోందంటే, అంతలా చదువుతోందన్నాను," అని ఆయన నవ్వాడు.

అయినా తల్లి లైబ్రరీలోకి వెళ్లి, బుజ్జి చేతిలోని పుస్తకం అంచులన్నీ తడిమి చూసింది. ఒక్క పంటిగాటు లేదు. ఊపిరి పీల్చుకుని కూతురి పక్కన కూలబడింది.

"ఇంటికి పోదామా?"

"ఉండమ్మా, ఏనుగుపిల్ల తప్పిపోయింది."

"అయ్యో. దొరికిందా?"

"ఇంకా ఆ పేజీ రాలేదు."

"అయితే పైకి చదువు," అంది తల్లి, దగ్గరికి జరిగి.