గోల్‌పోస్టు ముందు మట్టి

తెల్లారితే స్టేడియాన్ని కూలగొట్టడానికి యంత్రాలు వస్తాయి. ఈలోగా తమ్ముడి బూడిదను ఇంటికి తీసుకుపోవాలని, మైదానంలో గడ్డి పెంచే మాలి గోల్‌పోస్టు ముందు తవ్వుతున్నాడు.

ఇన్నేళ్ళూ చనిపోయిన అభిమానుల బూడిదను వాళ్ళ వాళ్ళు గుట్టుగా తెచ్చేవారు. మాలి గడ్డిని చాప చుట్టినట్టు లేపి, పిడికెడు బూడిద చల్లి, మళ్ళీ కప్పేసేవాడు. గడ్డి అందం చెడుతుందని ఎవరికీ గుర్తు పెట్టలేదు. సొంత తమ్ముడికీ పెట్టలేదు.

"ఆయన దొరికారా బావగారూ?" డబ్బా పట్టుకుని నిలబడ్డ తమ్ముడి భార్య అడిగింది.

"ఎక్కడ తవ్వినా బూడిదేనమ్మా. ఎవరెవరో తెలిసి చావడం లేదు."

"బతికున్నప్పుడూ ఇంతేగా. ఆట అయిపోయినా, నేనొచ్చి చెవి పట్టుకుని లాక్కుపోతే తప్ప కదిలేవారు కాదు."

మాలికి నవ్వొచ్చింది. అంతలో చీకట్లో ఏదో టక్కుమంది. టార్చి వేసి చూశాడు.

స్టాండులో కుర్చీలు మనిషి కూర్చుంటేనే కిందికి దిగుతాయి, లేస్తే వాటంతటవే మడుచుకుంటాయి. మొదటి వరసలో ఒకటి దిగి ఉంది. గాలి లేదు. పక్కది దిగింది. తర్వాత ఆ వరసంతా, పై వరసలూ, ఆటకు ముందు జనం సర్దుకుని కూర్చున్నట్టు తాపీగా దిగాయి. ఆపైన చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

మాలి స్టాండు వైపు తిరిగాడు. "ఒరే తమ్ముడూ, ఇంటికి పోదాం రారా. పొద్దున అంతా నేలమట్టం చేసేస్తారు."

వాళ్ళిద్దరూ అలాగే నిలబడిపోయారు.

తెలతెలవారుతుండగా ఆమె ఖాళీ డబ్బాకు మూత పెట్టింది. గేటు బయట యంత్రం స్టార్టయింది. ఒక్క కుర్చీ కూడా పైకి మడుచుకోలేదు.