జంట లైను

“మోడెం పెట్టాలంటే ముందు జంట లైను విడదీయాలమ్మా. మీకూ పక్కింటి స్పాసోయెగారికీ ఒకటే తీగ,” అన్నాడు లైన్‌మన్.

“విడదీసి పుణ్యం కట్టుకో నాయనా! ముప్పై ఏళ్లుగా ఆయన మాట్లాడినంతసేపూ నా ఫోను మూగనోము పట్టేది. ‘ఇక పెట్టేయవయ్యా’ అని గోడ బాదీ బాదీ నా చేతులు పడిపోయాయి,” అంది మిలెవా.

అతను కాఫీ తాగి, తీగ విడదీసి, “ఎవరికైనా చేసి చూడండి,” అన్నాడు.

జంట లైనువాళ్లు ఒకరికొకరు ఫోను చేసుకోవడం కుదరదు. నీష్ నగరం మొత్తంలో మిలెవా ఎన్నడూ చేయలేకపోయిన నంబరు అదొక్కటే. దాన్నే నొక్కింది. గోడ అవతల గంట మోగింది.

“నీ పీడ వదిలిందయ్యా!” అంది.

“నాకూ వదిలింది. ఇక పెట్టేయనా?” అన్నాడు స్పాసోయె.

అలవాటుగా ఆమె చెయ్యి గోడ బాదింది.

“ఉండవయ్యా, అప్పుడే పెట్టేయకు!”