గేటు దగ్గరి మనిషి

గ్యారేజీ గేటు ముందున్న చిన్న ఎత్తు ఎక్కలేక కారు మూలుగుతూ ఆగిపోయింది.

పక్కనే పాత టైర్ల మీద కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు.

"క్లచ్ పోయింది గదా సారూ?"

వీరరాఘవరావు తల ఊపాడు. నాలుగు రోజులుగా ఇదే వరస. రేసు ఇస్తే ఇంజన్ అరుస్తుంది తప్ప బండి ముందుకు లాగదు. పైగా కాలిన వాసన.

అది తొంభై తొమ్మిది, మే నెల. ఆయన భార్య కమలకుమారికి ప్రతి మంగళవారం, శనివారం డయాలసిస్. ఆటో కుదుపులు ఆమె తట్టుకోలేదని, ఆ పాత మారుతీని ఆసుపత్రి కోసమే కొన్నాడు.

ఇవాళ బుధవారం. చేతిలో రెండు రోజులే ఉన్నాయి.

ముసలాయన ఒకసారి గేటు లోపలికి చూసి గొంతు తగ్గించాడు.

"ఇక్కడ ఇయ్యకుండ్రి. ఫలక్‌నుమా స్టేషన్ ఎనుక డానియేలని ఉంటడు. గాయన దగ్గరికి తీస్కపోండ్రి."

"నువ్వెవరయ్యా?"

"గా ముచ్చటెందుకు సారూ. నా మాట ఇనుండ్రి."

వీరరాఘవరావు అతన్ని ఎగాదిగా చూశాడు. మాసిన చొక్కా, వారం రోజుల గడ్డం. ఆ డానియేలెవరో పెట్టుకున్న బ్రోకరు అయివుంటాడు. సైదాబాద్‌లో, ఆఫీసులో పదిమందిని అడిగి, ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పాకే ఈ గ్యారేజీకి వచ్చాడు. రోడ్డు మీద ఎవడో చెప్పాడని వెనక్కి తిరుగుతాడా?

బండిని లోపలికి తోయించాడు.

యజమాని పేరు కొండల్. ముప్పై అయిదేళ్లుంటాయి. ఎదురొచ్చి కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. బండి తనే నడిపి చూసి, క్లచ్ ప్లేటు మొత్తం అరిగిపోయిందని, కంపెనీ సామాను వేసి శుక్రవారం సాయంత్రానికల్లా ఇస్తానని చెప్పాడు. కమలకుమారి సంగతి విని చాలాసేపు బాధపడ్డాడు కూడా.

"అమ్మ పానం ముఖ్యం సార్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ మాటతో వీరరాఘవరావు మనసు కుదుటపడింది. అతనికి ఏదైనా మేలు చేయాలనిపించింది. వెళ్లబోతూ, గేటు దగ్గర ఎవడో కూర్చుని వచ్చినవాళ్లను వేరే చోటికి పంపుతున్నాడని చెప్పాడు.

కొండల్ ముఖంలో నవ్వు పోయింది.

"ముసలాయనా సార్?"

అవునన్నాడు.

"మంచిగ చెప్పిండ్రు. నేన్ జూస్కుంట."

శుక్రవారం సాయంత్రం అన్న మాట ప్రకారం కారు ఇచ్చాడు. బండి మెత్తగా సాగింది. టైర్ల మీద ఎవరూ లేరు. బ్రోకరు పీడ వదిలిందనుకుని వీరరాఘవరావు ఇంటికొచ్చేశాడు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి బయలుదేరారు. రాత్రంతా కమలకుమారికి నిద్ర లేదు. పాదాలు ఉబ్బిపోయాయి. రెండు మాటలు మాట్లాడితే ఆయాసం.

మలక్‌పేట రైలు వంతెన కిందికి దిగి, మళ్లీ పైకి ఎక్కుతుండగా బండి నెమ్మదించింది. రేసు ఇచ్చాడు. ఇంజన్ అరిచింది. బండి కదల్లేదు.

"ఏమండీ, వాసన వస్తోంది" అంది కమలకుమారి.

ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. కారు ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

అద్దంలో సిటీ బస్సు కనిపించింది. అంతకంతకూ పెద్దదవుతోంది.

బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగి పట్టుకున్నాడు. బస్సు మూరెడు దూరంలో ఆగింది. వెనకాల హారన్లు. కమలకుమారి గట్టిగా పట్టుకున్న ఆయన చొక్కా చేతిని వదలడం లేదు. ఊపిరి అందక ఆమె పెదవులు నల్లబడుతున్నాయి.

బస్సు కండక్టరూ మరో ఇద్దరూ దిగి కారును పక్కకు తోశారు. ఆటోవాడొకడు అడక్కుండానే ఆగాడు.

ఆసుపత్రికి గంట ఆలస్యంగా చేరారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, ఇంకో అరగంట దాటితే ఏమీ చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. నాలుగు గంటలపాటు వీరరాఘవరావు తలుపు బయటే నిలబడ్డాడు. కూర్చోబుద్ధి కాలేదు. నా మాట ఇనుండ్రి అన్న ఆ గొంతే చెవుల్లో తిరిగింది.

సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచింది.

ఆదివారం డానియేలు చర్చికి వెళ్తాడట, షెడ్డు మూసి ఉంది. సోమవారం పొద్దున్నే కారుకు తాడు కట్టించి లాగించుకువెళ్లాడు. స్టేషన్ వెనక చిన్న రేకుల షెడ్డు. బోర్డు కూడా లేదు.

డానియేలు ఆయన ఎదుటే అంతా విప్పాడు. నల్లగా మాడిన ప్లేటును వెలుతురులో పెట్టి చూపించాడు.

"ఇది కొత్తది కాదు సార్. మీ పాతదాన్నే గరుకు కాయితంతో రుద్ది మళ్ల ఎక్కిచ్చిండ్రు."

వీరరాఘవరావుకు కోపం కూడా రాలేదు.

తన దగ్గరికి ఎవరు పంపారని డానియేలు అడిగాడు. ఆయన జరిగిందంతా చెప్పాడు, కొండల్‌తో తను అన్న చివరి మాట తప్ప. ఆ ముసలాయన ఎక్కడ ఉంటాడో చెబితే వెళ్లి చేతులు పట్టుకుని క్షమాపణ అడుగుతానన్నాడు.

డానియేలు పానా కింద పెట్టాడు.

"రామలింగయ్య మేస్త్రి. నాకు పని నేర్పిందే ఆయన. ఇంక ఇక్కడ దొరకడు సార్. బుధవారం సాయంత్రమే బస్సెక్కిచ్చి ఊరికి తోలిండ్రు. అక్కడ ఆయనకు ఎవరూ లేరు. ఎవరో కస్టమర్ ఫిర్యాదు చేసిండంట."

వీరరాఘవరావు షెడ్డు గుంజను పట్టుకున్నాడు.

"గేటు బయట కూర్చునే మనిషిని ఊరికి పంపించడానికి ఆ కొండల్ ఎవరు?"

డానియేలు ఆయన వైపు చూడకుండా, చేతుల నూనెను గుడ్డతో తుడుచుకుంటూ చెప్పాడు.

"ఆ గ్యారేజీ పెట్టింది మేస్త్రే సార్, కొండల్ ఆయన కొడుకు."