చెన్నై రైలొచ్చేదాకా

"చూసినావా అన్నా, మనకోసం ఎంత జనం వచ్చినారో," అన్నాడు గోల్‌కీపర్ కిషోర్ బాబు.

సూళ్లూరుపేట స్టేషన్ పక్క మైదానంలో వాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు ఇన్ని ఈలలు ఎప్పుడూ పడలేదు. రెండు గోల్స్ వెనకబడినా కెప్టెన్ పెంచలప్రసాద్‌కు హుషారొచ్చింది.

అంతలో, ఆలస్యమైన చెన్నై రైలు వస్తోందని స్టేషన్ మైకులో చెప్పారు. జనమంతా సంచులు పట్టుకుని పరిగెత్తారు.

గట్టు మీద ఒక ముసలామె మాత్రం మిగిలింది.

బంతి కోసం అటు వచ్చిన పెంచలప్రసాద్, "అవ్వా, నీ రైలు పోతాది," అన్నాడు.

"పోనీలే నాయనా, ఇంకోటుంది. ఓడిపోతా ఉండారు గదా, మధ్యలో వదిలేసి పోయేదానికి మనసొప్పలేదు. ఇంతకీ మీది ఏ ఊరు?"

"ఈ ఊరే అవ్వా."

ఆమె ఒళ్లోని సంచి పక్కన పెట్టి సర్దుకుని కూర్చుంది.

"అట్లనా. అయితే మనోళ్లే."