పచ్చలైటు

తిరుమణి సోలార్ పార్కు కంట్రోల్ రూములో రాత్రి డ్యూటీకి తిప్పేశ్ ఒక్కడే ఉన్నాడు. మెయిన్ సర్వర్ దర్శన్ చూసుకుంటాడు. అది ఆగితే అందుకోవడానికి పెట్టిన స్టాండ్‌బై తిప్పేశ్‌ది. ఇద్దరూ ఒకేరోజు చేరారు, పేరు మాత్రం దర్శన్‌కే వచ్చింది. ఆ పేరు వింటేనే తిప్పేశ్‌కు కడుపు మండుతుంది.

స్టాండ్‌బై జరిగిందంతా ట్రేస్ ఫైళ్లలో రాసుకుంటుంది. వారం దాటినవాటిని తుడిచేయడం తిప్పేశ్ పని. తుడుస్తూ, "వాడొకడు లేకుంటేనా..." అని పైకే అనేశాడు.

తుడిచిన చోట కొత్త ఫైలు కనబడింది. అందులో ఒకటే మాట: "మెయిన్ ఆగింది."

తలెత్తి చూశాడు. మెయిన్ మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

గుబులేసి, పక్కూరు రాయచెర్లులో ఇంటి దగ్గరుంటాడని దర్శన్‌కు ఫోన్ చేశాడు. భార్య రత్న ఎత్తింది.

"ఫోన్ ఈడే మర్చిపోయి బండెక్కినాడన్నా. అర్జెంటుగా రమ్మని నువ్వే పిలిస్తివంట కదా?"

తిప్పేశ్ పిలవలేదు.

కాసేపటికి ప్యానెళ్ల అవతల బండి చప్పుడు వినబడింది. ఎదురు పరిగెత్తి ఆపొచ్చు. తిప్పేశ్ కుర్చీలోంచి లేవలేదు.

చప్పుడు మధ్యలోనే ఆగిపోయింది. మెయిన్ మీద పచ్చలైటు ఆరి, తిప్పేశ్ ముందున్న స్టాండ్‌బై మీద వెలిగింది.