వియ్యంకుణ్ణి ఆపిన గుమ్మం

అక్కడిదాకా రాశావా, కోడలా? సరే, ఇక మీ నాన్న సంగతి రాయి.

ఇప్పుడు ఏ ఇంటి గుమ్మమైనా మనిషి ఊపిరి చూసి, ఫ్లూ జ్వరం పైకి తేలకముందే పసిగడుతోంది కదా. మన పాప బారసాలకి పేర్రాజు బావగారు లడ్డూల బుట్టతో వచ్చేసరికి, మన గుమ్మం ఎర్రదీపం వెలిగించి తలుపు మూసేసింది. చుట్టాలందరూ చూస్తున్నారు.

"నాకేం జొరం లేదు బావగారూ! గుండ్రాయిలా ఉన్నాను. మీ తలుపుకే తెగులు పట్టింది!" అని కేకలేశాడాయన.

వియ్యంకుణ్ణి వీధిలో నిలబెడతామా? లోపలి గడియ తీయబోయాను. నువ్వే నా చెయ్యి పట్టుకున్నావు.

"ఆ ముక్క రాయను మావయ్యగారూ. నాన్న ఇక నాతో మాట్లాడడు."

రాయమ్మా. "ఉయ్యాల్లో పసిదుంది, తియ్యొద్దు" అన్నావు. ఏడుస్తూనే అన్నావు. ఆయనేమో నేనే అవమానించాననుకుని, మళ్లీ మన గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడే మంచం పట్టాడు. చలికాలం ఫ్లూ రాకుండా సూది వేయించుకోమంటే తప్పించుకు తిరిగాడు కదా! ఒళ్లునొప్పులతో మూలిగి, గంజి తాగి, ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నాడు. జొరం తగ్గింది గానీ అలక తగ్గలేదు.

ఇంకో మాట రాయి. ఆ రోజు తలుపు తెరిస్తే, ఆయన బుట్ట కింద పెట్టి ముందు పాపనే ఎత్తుకునేవాడు. ముద్దులాడకుండా ఉండేవాడా?

ఇదంతా మీ నాన్నకి ఫోన్లో చదివి వినిపించు. పాప చెవిలో పేరు ఇంకా ఎవరూ చెప్పలేదని, తాత వచ్చి చెప్పాలని అందరం చూస్తున్నామని గట్టిగా చదువు. మధ్యలో ఫోను పెట్టేస్తే, మళ్లీ చేసి చదువు.